సభ్యులకు కొత్త సేవ పెట్టే ముందు: ఎఫ్‌పీఓలకు డిజైన్ థింకింగ్ మార్గదర్శి

రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో (ఎఫ్‌పీఓల్లో) కొత్త సేవ ఎక్కువగా బోర్డు మీటింగ్‌లో పుడుతుంది. పక్క మండలం సంఘం గ్రేడింగ్ మెషీన్ కొన్నదనో, ఫలానా పథకంలో సబ్సిడీ ఉందనో ఒక డైరెక్టర్ చెబుతారు. తీర్మానం రాస్తారు, మెషీన్ వస్తుంది. ఏడాది తిరిగేసరికి దాని మీద టార్పాలిన్ కప్పి గోదాములో ఓ మూలకు నెట్టేస్తారు. మెషీన్ మంచిదే. కానీ సభ్యుడికి ఎక్కడ ఇబ్బంది ఉందో ఎవరూ చూడకముందే డబ్బు ఖర్చయిపోయింది.

ఈ వరసను తిరగేసే పద్ధతినే డిజైన్ థింకింగ్ అంటున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన డిజైన్ సంస్థ డీ.స్కూల్ దీన్ని ఐదు మెట్లుగా ప్రచారంలోకి తెచ్చింది: వాడేవాళ్లను దగ్గరగా అర్థం చేసుకోవడం, సమస్యను తేల్చుకోవడం, ఆలోచనలు పోగు చేయడం, నమూనా తయారు చేయడం, పరీక్షించడం. ఫోన్ యాప్‌లు, ఆస్పత్రి పరికరాలు తయారు చేసేవాళ్లు దీన్ని బాగా వాడుతున్నారు. నా దృష్టిలో ఇది వాళ్లకంటే సభ్యుల సంఘాలకే ఎక్కువ అవసరం. కంపెనీ పొరపాటు చేస్తే దాని పెట్టుబడిదారులు నష్టపోతారు. సంఘం పొరపాటు చేస్తే వాటా డబ్బు కట్టిన రైతే నష్టపోతాడు, ఆ సేవ కోసం ఎదురుచూసిందీ అతనే.

2020 ఫిబ్రవరిలో కేంద్రం 10,000 ఎఫ్‌పీఓల పథకం మొదలుపెట్టాక సంఘాలు చాలా వచ్చాయి. ఆ పథకం కింద మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది సభ్యులుండాలి. ఒక్కో సభ్యుడికి గరిష్ఠంగా 2,000 రూపాయల చొప్పున, సంఘానికి 15 లక్షలకు మించకుండా, సభ్యుల వాటా డబ్బుకు తోడుగా గ్రాంటు ఇచ్చేలా నిబంధన పెట్టారు. సభ్యత్వం రాయించడం దాకా ఒక పని. రెండో ఏడాది, మూడో ఏడాది కూడా సభ్యుడు సంఘం గడప తొక్కాలంటే అతనికి పనికొచ్చే సేవ ఉండాలి.

మాటలు గాలిలో ఉండకుండా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. వికారాబాద్ జిల్లా తాండూరు ప్రాంతంలో ఒక కంది రైతుల సంఘం ఉందనుకోండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, చుట్టుపక్కల పప్పు మిల్లులూ ఉన్నాయి. సంఘం ఊళ్లోని వ్యాపారి కంటే కాస్త ఎక్కువ రేటే ఇస్తోంది. అయినా సభ్యుల్లో ఎక్కువమంది పంటను వ్యాపారికే పోస్తున్నారు. బోర్డు మాత్రం "శుభ్రం చేసే మెషీన్ పెడితే సభ్యులు వస్తారు" అనుకుంటోంది.

మొదలుపెట్టే ముందు

ముగ్గురు నలుగురితో చిన్న జట్టు కట్టండి. సీఈఓ, లెక్కలు రాసే అకౌంటెంట్, ఒక డైరెక్టర్, వీళ్లతో పాటు ఏ పదవీ లేని మామూలు సభ్యురాలు ఒకరు. ఆమెను తప్పకుండా తీసుకోండి. పరీక్షకు ఎంత డబ్బు పెట్టగలమో, నష్టం వస్తే ఎంతదాకా సంఘం భరిస్తుందో ముందే బోర్డులో తీర్మానం రాయించుకోండి. పరీక్షలో నష్టమొస్తే అది సంఘం ఖాతాలోనే పడాలి. రైతు బస్తా మీద పడకూడదు. ఈ ఒక్క షరతు విషయంలో బోర్డు వెనకాడితే, పని అక్కడే ఆపడం మేలు.

మొదటి మెట్టు: కల్లం దగ్గరికి వెళ్లండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. చాలా సంఘాలు ఇక్కడే తొందరపడతాయి. ఒక ఫారం అచ్చేసి, "మీకు ఈ సేవ కావాలా?" అని అడిగి, అందరూ "కావాలి" అన్నారని రిపోర్టు రాసేస్తాయి. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద వద్దనడం మన దగ్గర మర్యాద కాదు. సర్వసభ్య సమావేశంలో చైర్మన్ ముందు చేతులెత్తడమూ అంతే. "బాగుంది సార్" అనే జవాబులో సమాచారమేమీ లేదు.

అందుకే ఏం కావాలని అడగొద్దు, పోయినసారి ఏం చేశారో అడగండి. రేపటి గురించి అడిగితే మనిషి మన మనసు నొప్పించని మాట చెబుతాడు. నిరుడు జరిగినదాని గురించి అడిగితే జరిగిందే చెబుతాడు. మాట సుమారుగా ఇలా సాగుతుంది:

"అక్కా, నిరుడు కందులు ఎప్పుడమ్మిన్రు?"

"సంక్రాంతికి ముందే అమ్మినం. పిల్ల ఫీజు కట్టేదుండె."

"ఎవలికి పోసిన్రు?"

"ఇంక ఎవలికి, ఊళ్లె సేటుకే."

"సంఘం రేటు ఎక్కువుండె గదా?"

"ఉండె. కని పైసలు ఎప్పుడొస్తయో ఎవలు జెప్పలే. సేటు గా రాత్రే ఇచ్చిండు."

ఇందులో రేటు ఊసును మనమే ఎత్తాం. ఆమె చెప్పింది డబ్బు చేతికొచ్చే రోజు గురించి. ఇక్కడ ఆగి తవ్వాలి. ఆ రాత్రి డబ్బు చేతికొచ్చాక మొదట ఎవరికిచ్చారు? కాంటా ఎక్కడ పెట్టారు? తరుగు ఎంత తీశారు? గోనె సంచులు ఎవరివి? విత్తనం వేసేటప్పుడు ఆ సేటు దగ్గరే అప్పు తెచ్చారా? ఒక్కో అమ్మకాన్ని కోత నుంచి డబ్బు ఖర్చయ్యేదాకా వరసగా చెప్పించుకోండి. ఒక్కరితో ముప్పావు గంట కూర్చున్నా ఎక్కువేం కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా తేల్చుకోవాలి. మీటింగులకు వచ్చేవాళ్లు ఎప్పుడూ వచ్చేవాళ్లే. వాళ్లను కాస్త పక్కన పెట్టి నాలుగు రకాల మనుషుల్ని వెతకండి. సభ్యత్వం ఉండి కూడా నిరుడు ఒక్క బస్తా సంఘానికి పోయనివాళ్లు. ఒకసారి పోసి మళ్లీ రానివాళ్లు. కౌలు రైతులు. ఆరబెట్టడం, తూర్పారబట్టడం, సంచులకెత్తడం చేసే ఆడవాళ్లు. ఆడవాళ్లతో మగవాళ్లు లేనప్పుడు, వీలైతే జట్టులోని సభ్యురాలే మాట్లాడాలి. తేమ ఎక్కువుందని బస్తా వెనక్కొస్తే మళ్లీ ఎండబోసేది వాళ్లే, ఆ శ్రమ ఎవరి లెక్కలోనూ ఉండదు.

పది పన్నెండు మందితో ఇలా లోతుగా మాట్లాడితే చాలావరకు బొమ్మ కడుతుంది. చెప్పిన మాటలే మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే ఆపొచ్చు. చైర్మన్‌ను వెంట తీసుకెళ్లొద్దు, సంఘం జీపు వేసుకుని వెళ్లొద్దు. మనం చెప్పడం తక్కువ, వాళ్లు చెప్పడం ఎక్కువ కావాలి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోండి. "చెల్లింపులో జాప్యం" అని ఆఫీసు భాషలోకి మార్చి రాసుకుంటే, పిల్ల ఫీజు కట్టాల్సిన ఆ రాత్రి తొందర కాగితం మీద నుంచి ఎగిరిపోతుంది.

మాటలతో పాటు కళ్లతో చూసేది కూడా ఉంది. ఒక పొద్దంతా వ్యాపారి కాంటా దగ్గర నిలబడండి. అతన్ని శత్రువుగా చూడొద్దు. రైతుకు అతను ఏ పని చేసిపెడుతున్నాడో చూడండి. ఇంటి ముందుకొస్తాడు, సంచులు తనే తెస్తాడు, రెండు బస్తాలైనా కొంటాడు, చీకటి పడేలోపు పైసలిస్తాడు. మన సంఘం వీటిలో ఏవి చేస్తోంది?

రెండో మెట్టు: సమస్యను ఒక్క వాక్యంలో పెట్టండి

విన్నవన్నీ చీటీల మీద రాసి గోడకు అంటించి, ఒకే రకం మాటల్ని పక్కపక్కన చేర్చండి. తర్వాత ఒక వాక్యం రాయండి. అందులో మనిషి ఉండాలి, అతని అవసరం ఉండాలి, దాని వెనక కారణం ఉండాలి. మన ఉదాహరణలో అది ఇలా రావచ్చు: "రెండు మూడెకరాల కంది రైతుకు పంట కాంటా అయిన రోజే డబ్బు చేతికి రావాలి, ఎందుకంటే ఫీజు, కూలీల బాకీ, పండగ ఖర్చు అన్నీ ఆ వారంలోనే మీద పడతాయి."

ఈ వాక్యంలో మెషీన్ ఊసు లేదు చూడండి. జవాబు దూరిన వాక్యాన్ని కొట్టేయండి. "సభ్యులకు గ్రేడింగ్ మెషీన్ అవసరం" అన్నది సమస్య కాదు, ముందే తీసేసుకున్న నిర్ణయం.

ఇంకో సంగతి తేలొచ్చు. సభ్యుల్లో సగం మంది వానాకాలంలో వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి, పంట అతనికే పోయాలన్న మాట మీద ఉన్నారనుకోండి. అప్పుడు కొనుగోలు సేవ ఎంత బాగా నడిపినా వాళ్లు రాలేరు, రమ్మనడం కూడా అన్యాయమే. వాళ్లకు కావాల్సింది జూన్‌లో పెట్టుబడి. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో మొదలైన సహకార సంఘం ఇన్నేళ్లు నిలబడటానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. అప్పు, ఎరువులు, విత్తనం, పంట కొనుగోలు అన్నీ ఒకే గొలుసుగా అక్కడ సభ్యుడికి అందాయి. మీ సంఘానికి అంత స్తోమత లేకపోతే, ఈ ఏడాదికి అప్పు లేని సభ్యులతోనే మొదలుపెడుతున్నామని స్పష్టంగా రాసుకోండి. ఎవరి కోసం చేయడం లేదో కూడా కాగితం మీద ఉండాలి.

మూడో మెట్టు: ఆలోచనలు

దీని మీద వారాల తరబడి కూర్చోనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం చాలు. ముందు ఎవరికి వాళ్లు మౌనంగా రాయాలి, తర్వాతే చదవాలి. లేకపోతే పెద్ద డైరెక్టర్ మొదటి మాట అనగానే మిగతావాళ్లంతా దాని చుట్టూనే తిరుగుతారు. ఊరికి కాంటా తీసుకెళ్లడం, కాంటా రోజే సగం డబ్బు ఇచ్చి మిగతాది మిల్లు నుంచి వచ్చాక ఇవ్వడం, గోదాములో పెట్టి రసీదు మీద అడ్వాన్సు ఇప్పించడం, సంచులు ముందే పంచడం... ఎన్ని వస్తే అన్ని రాయనివ్వండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలతో వడపోయండి: సభ్యుడు నిజంగా కోరుకుంటాడా? మన మనుషులతో, మన పరికరాలతో చేయగలమా? ఖర్చు పోను నిలబడుతుందా? మూడింటికీ "కావచ్చు" అనిపించిన రెండు ఆలోచనల్ని ఉంచుకోండి.

మనం ఒకటి ఎంచుకుందాం: చెప్పిన రోజున సంఘం కాంటా ఊరికి వెళ్తుంది, ఆ సాయంత్రమే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది.

నాలుగో మెట్టు: కాగితం, ఖాళీ సంచులతో నమూనా

నమూనా అనగానే యాప్ చేయించాలనో, బోర్డు రాయించాలనో తొందర పడతారు. వద్దు. నమూనాకు వెయ్యి రూపాయలు దాటి ఖర్చయితే దాన్ని మార్చడానికి మనసొప్పదు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 1844 డిసెంబర్ 21న సహకార దుకాణం తెరిచినవాళ్లు కూడా పిండి, వెన్న, చక్కెర లాంటి నాలుగైదు సరుకులతోనే మొదలుపెట్టారు. ప్రపంచమంతా పాకిన సహకార ఉద్యమానికి ఆ చిన్న కొట్టునే నాందిగా చెబుతారు.

మన సేవకు మొదటి నమూనా ఒక చీటీ. మార్కెట్ యార్డులో ఇచ్చే తక్‌పట్టీ (తూకం, లెక్కల చీటీ) లాగే చేత్తో గీయండి: మొత్తం తూకం, సంచి బరువు, తేమ శాతం, తరుగు, హమాలీ, రేటు, చేతికొచ్చేది, డబ్బు పడే సమయం. దీన్ని ఒక రైతు చేతికిచ్చి పైకి చదవమనండి. చదవలేనివాళ్లకు మీరే చదివి, ఏం అర్థమైందో చెప్పమనండి. వివరించకుండా ఊరుకోవడం ఇక్కడ కష్టమైన పని, కానీ ఊరుకోవాలి. అతని వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. "తరుగు" దగ్గర ఆగి "ఇదెందుకు?" అంటే, తరుగు ఎలా లెక్కించారో ఆ చీటీ చెప్పడం లేదన్నమాట. పక్కన "తేమ 14, ఉండాల్సింది 12" అని ఒక గడి చేర్చి, ఇంకొకరికి ఇవ్వండి. మద్దతు ధర కొనుగోళ్లలో కందికి తేమ 12 శాతం దాటకూడదన్నది రైతులు వినే ఉంటారు. కాబట్టి ఆ అంకె వాళ్లకు కొత్త కాదు. తేమ మీటరు అంకెను రైతు తన కళ్లతో చూసి, చీటీ మీద తనే రాయడం ఇంకా మంచిది. ఇలా ఐదారుగురి చేతులు దాటేసరికి చీటీ చాలా మారిపోతుంది.

రెండో నమూనా, సంఘం ఆఫీసు ముందు ఉత్తుత్తి కాంటా. ఒకరు రైతు, ఒకరు హమాలీ, ఒకరు అకౌంటెంట్. నాలుగు బస్తాల ఇసుక పెట్టి, తూకం నుంచి డబ్బు పంపేదాకా మొత్తం నడపండి, చేతిలో గడియారం ఉండాలి. కాగితం మీద కనబడని చిక్కులు ఇక్కడ బయటపడతాయి. ఉదాహరణకు సంఘం ఖాతా నుంచి డబ్బు కదలాలంటే ఇద్దరి ఆమోదం కావాలి. అందులో ఒక డైరెక్టర్ ఆ రోజు హైదరాబాద్‌లో ఉంటే? బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి రోజంతా, సెలవుల్లో కూడా నడుస్తోంది కాబట్టి బ్యాంకు టైమ్ అడ్డం కాదు. అడ్డం మన సంతకాలే. మూడో డైరెక్టర్‌కు కూడా ఆమోదించే అధికారం ఇప్పించడం, రైతుల ఖాతా నంబర్లను రెండు రోజుల ముందే చేర్చి రూపాయి పంపి సరిచూసుకోవడం... "అదే సాయంత్రం" అన్న మాట నిలబడేది ఇలాంటి వాటి వల్లే.

ఐదో మెట్టు: అసలు పంటతో చిన్న పరీక్ష

ఒకే ఊరు, పది మంది సభ్యులు, ఒక్కొక్కరి నుంచి నాలుగు క్వింటాళ్లు. మొత్తం 40 క్వింటాళ్లు. పరీక్ష అని దాచకుండా చెప్పండి: "ఈ పద్ధతి చూస్తున్నాం, తేడా వస్తే భారం సంఘానిది." ఇష్టమున్నవాళ్లనే తీసుకోండి. పంటంతా పోయమనొద్దు. కొంత వ్యాపారికి, కొంత సంఘానికి పోస్తే రైతుకు ధైర్యం, మనకు పోల్చి చూసే వీలు.

మొదలుపెట్టే ముందే గెలుపు ఓటముల గీత గీయండి. తర్వాత గీస్తే వచ్చిన ఫలితాన్నే గెలుపు అనేస్తాం. ఉదాహరణకు:

- పది మందిలో కనీసం ఎనిమిది మందికి రాత్రి 8 లోపు డబ్బు పడాలి.
- తరుగు మీద గొడవ ఒకటికి మించకూడదు.
- రెండో కాంటా రోజున, మనం అడగకుండానే కనీసం సగం మంది మళ్లీ రావాలి.

వీటిలో మూడోదే నాకు ముఖ్యం. సభ్యుడి అసలు అభిప్రాయం అతని రెండో బస్తాలో ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఎన్ని నింపినా దానికి సాటి రావు.

కాంటా రోజున జట్టులో ఒకరు ఏ పనీ చేయకుండా చూడటానికే ఉండాలి. ఎవరు ఎంతసేపు ఎండలో నిలబడ్డారు, ఏ మాట మీద గొంతు పెరిగింది, డబ్బు మెసేజ్ రాగానే ఎవరు ఎవరికి చూపించారు, ఫోన్ మెసేజ్ చదవలేని పెద్దాయన ఏం చేశాడు, ఇవన్నీ రాసుకోవాలి. ఆ రాత్రి కాక మర్నాడు పది మంది ఇళ్లకూ వెళ్లి, మొదటి మెట్టులోలాగే జరిగింది జరిగినట్టు చెప్పించుకోండి. ముఖ్యంగా ఒప్పుకుని కూడా రానివాళ్ల ఇళ్లకు.

లెక్క తేల్చకుండా ముందుకు పోవద్దు

సభ్యులకు నచ్చడం ఒక్కటే చాలదు. క్వింటా లెక్క వేసి చూడండి. ఈ అంకెలు పద్ధతి చూపడానికి అనుకున్నవే, మీ ఊరి ధరలు మీరు పెట్టుకోండి. రైతు దగ్గర 7,250కి కొని మిల్లుకు 7,500కి అమ్మితే చేతిలో 250 ఉంటుంది. రవాణా 60, హమాలీ 30, సంచుల అరుగుదల 20, తూకంలో ఒక శాతం తగ్గితే 75. మొత్తం 185 పోతుంది. 65 మిగులుతుంది.

సాయంత్రానికే డబ్బిచ్చాం కాబట్టి, మిల్లు చెల్లించేదాకా ఆ 7,250కి వడ్డీ మనదే. ఏడాదికి 12 శాతం చొప్పున మిల్లు పది రోజుల్లో ఇస్తే వడ్డీ సుమారు 24, మిగులు 41. నెల రోజులు తిప్పితే వడ్డీ సుమారు 72, క్వింటాకు 7 రూపాయల నష్టం. అంటే ఈ సేవ బతకడం కాంటా మీద కంటే మిల్లుతో ఒప్పందం మీదే ఎక్కువ ఆధారపడింది. గ్రేడింగ్ మెషీన్ కొనాలా అన్న చర్చలో ఈ మాట రానే రాదు. పది మందితో చేసిన పరీక్ష దాన్ని టేబుల్ మీదికి తెస్తుంది.

లెక్క తేడా వస్తే మళ్లీ మూడో మెట్టుకు వెళ్లండి. కాంటా రోజే 80 శాతం, మిగతాది పదో రోజు ఇస్తే సభ్యులు ఒప్పుకుంటారా? అడగొద్దు, మరో చిన్న కాంటా రోజు పెట్టి చూడండి. వెనక్కి వెళ్లడం ఈ పద్ధతిలో భాగమే, దానికి చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

నిర్ణయం సభ్యులది

ప్రైవేటు కంపెనీకి ఈ మెట్టు ఉండదు, మనకుంటుంది. పరీక్ష ఫలితాల్ని బోర్డు గదిలోనే ఉంచకుండా సర్వసభ్య సమావేశం ముందు పెట్టండి. ఎంత పెట్టాం, ఎంత మిగిలింది లేదా పోయింది, గీసుకున్న గీతలు ఎన్ని దాటాం, ఎన్ని దాటలేదు. స్లైడ్ల అవసరం లేదు. పరీక్షలో పాల్గొన్న ఇద్దరు రైతులు, వాళ్లలో ఒకరు అసంతృప్తిగా ఉన్నవాళ్లు, లేచి చెబితే చాలు. ఆపేయాలన్న నిర్ణయం వచ్చినా మినిట్స్ పుస్తకంలో కారణాలతో రాయండి. మూడేళ్ల తర్వాత వచ్చే కొత్త బోర్డుకు అది పనికొస్తుంది.

కొనసాగించాలని తేలితే ఒకేసారి అన్ని ఊళ్లకూ విస్తరించొద్దు. మొదటి సీజన్‌లో మూడు ఊళ్లు, అందులో ఒకటి రోడ్డు సరిగా లేని ఊరు. ప్రతి కాంటా రోజు తర్వాత వారంలోపు, పేరు రాయించుకుని కూడా రాని సభ్యుల జాబితా తీసి ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తగానే "ఎందుకు రాలేదు?" అనొద్దు. "ఆ రోజు కందులు ఏం చేశారు?" అని అడగండి.